ఊరి శివారులో 42 ఎకరాల వెంచర్: అభ్యంతరం దేని మీద నిలబడింది

ముందే చెప్పేస్తాను, ఈ కేసులో వెంచర్ ఆగలేదు. లేఅవుట్ మారింది, చెరువు వైపు రెండు వరుసల ప్లాట్లు పోయాయి, మూసేసిన బాట తెరుచుకుంది, తొమ్మిది ఎకరాల సంగతి ఇంకా తేలలేదు. ఊరి పక్కన ఇళ్ల ప్లాట్లు వేస్తున్నారు, అభ్యంతరం ఎలా పెట్టాలి అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. అందరికీ ఫోన్లో ఇదే చెబుతున్నాను కాబట్టి ఒకసారి మొత్తం రాసి పెడుతున్నాను. నేను భూమి కేసులు చూసే వకీలును. ఊరి పేరు, కంపెనీ పేరు, ఆఫీసుల పేర్లు రాయను, ఎందుకంటే కొన్ని కాయితాలు ఇంకా నడుస్తున్నాయి.

ఊరు ఉమ్మడి మెదక్ జిల్లాలో ఉంది. ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల, కానీ హైదరాబాద్ మెట్రోపాలిటన్ పరిధికి లోపల. ఈ సంగతి ముందు తేల్చుకోవాలి. చెరువు ఆక్రమణ అనగానే అందరూ 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి పెట్టిన హైడ్రా పేరు ఎత్తుతారు, దాని పరిధి ఔటర్ వరకే. అవతలి ఊళ్లకు పాత దారులే దిక్కు: రెవెన్యూ, ఇరిగేషన్, పంచాయతీ, లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే అథారిటీ, అవేవీ పలక్కపోతే కోర్టు.

ఊరికి పడమట 42 ఎకరాలు. సగం మెట్ట, సగం ఒకప్పటి తరి (నీళ్లు పారే పొలం). నేల చెరువు వైపు వాలుగా ఉంటుంది. పైనున్న కుంట నుంచి చెరువులోకి వచ్చే కట్టుకాలువ ఈ భూమి మధ్యలోంచే పోతుంది, అంటే పోయేది, నేను చూసేసరికి దాన్ని దున్ని చదును చేశారు. ఇంకో పక్క నక్షాలో (ఊరి భూముల పటంలో) ఉన్న బండ్ల బాట. ఆ బాటలోనే అవతలి పొలాలకూ బొందలగడ్డకూ (శ్మశానానికి) పోవాలి. ఆ బాటకు అడ్డంగా సిమెంటు పలకల గోడ లేచింది. ఊళ్లో గొడవ అసలు మొదలైంది చెరువు గురించి కాదు, ఈ గోడ దగ్గరే. ఓ ముసలాయన చనిపోతే పాడెను పక్క పొలంలోంచి మోసుకుపోవాల్సి వచ్చింది.

వాళ్లు తెచ్చిన మొదటి పిటిషన్

ఊరివాళ్లు అప్పటికే ఒక పిటిషన్ రాసి, సంతకాలు పెట్టించి, నాలుగు ఆఫీసుల్లో ఇచ్చి వచ్చారు. ఒక్క పేజీ. ఊరి వాతావరణం చెడిపోతుంది, బయటివాళ్లు వస్తారు, పంట భూములు పోతాయి, నీళ్లకు కష్టమవుతుంది, కాబట్టి వెంచర్‌ను రద్దు చేయాలి. ఇంతే. ఒక్క సర్వే నంబర్ లేదు. అక్నాలెడ్జ్‌మెంట్ (కాయితం అందినట్టు రసీదు) కూడా ఒక్క ఆఫీసు నుంచే తీసుకున్నారు.

బయటివాళ్లు వస్తారు అన్నది అభ్యంతరం కాదు. ఏ ఆఫీసరూ దాన్ని వినడు, నా మట్టుకు నేనూ వినను. ఈ ఊరి పిల్లల్లో సగం మంది పటాన్‌చెరులోనో మియాపూర్‌లోనో ఉంటున్నారు, ఆ ఇళ్లు కూడా ఒకప్పుడు ఎవరో ఒకరి ఊరి శివారే. పంట భూమి పోతుందన్న బాధ నిజమే కానీ ఆ భూమి పట్టాదారు తన ఇష్టంతో అమ్ముకున్నాడు, మార్పిడి ఫీజు కట్టి వ్యవసాయేతర భూమిగా మార్పించారు. ఆ గేటు మూసుకుపోయింది.

ఒకాయన అడిగాడు, "ఫ్యాక్టరీ వస్తే జనాన్ని పిలిచి అడుగుతరు కదా సార్, దీనికి ఎప్పుడు పిలుస్తరు?" పిలవరు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి, లేదా 50 హెక్టార్లు దాటిన టౌన్‌షిప్‌కు పర్యావరణ అనుమతి కావాలి. ఆ అనుమతిలో కూడా ఇళ్ల ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చేశారు. మన 42 ఎకరాలు 17 హెక్టార్లే, పైగా ప్లాట్లు మాత్రమే. కాబట్టి ఎవరో టెంటు వేసి మైకు ఇస్తారని కూర్చుంటే ఈలోగా అనుమతి వచ్చేస్తుంది. ఇక్కడ అభ్యంతరం అంటే, ఫైలు టేబుల్ మీద ఉండగానే అందులో చేరాల్సిన కాయితం.

అదృష్టం కొద్దీ ఒక్క చోట నోటీసు ఇవ్వక తప్పలేదు. 42 ఎకరాల్లో తొమ్మిది ఎకరాలు 2031 మాస్టర్ ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్‌లో ఉన్నాయి. వాటిని నివాస జోన్‌లోకి మార్చమని కంపెనీ దరఖాస్తు పెట్టుకుంది, జోన్ మార్పుకు అభ్యంతరాలు పిలుస్తూ పేపర్లో ప్రకటన వచ్చింది. లోపలి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో. రిటైరైన ఒక టీచరు గారు చూశారు కాబట్టి సరిపోయింది. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో ఇవాళే చూసుకోండి, వెంచర్ వచ్చాక కాదు.

ఇంకో చిక్కు కాలానిది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి పంచాయతీలు ప్రత్యేక అధికారుల చేతికి వెళ్లాయి. మా కేసు సరిగ్గా ఆ తర్వాతి రోజులది. తీర్మానం చేయడానికి పాలకవర్గమే లేదు. అందుకని ఊరంతా కలిసి ఒక్క పిటిషన్ అనే ఆలోచన మానేశాం. ఆయకట్టు రైతులు (చెరువు నీళ్లతో సాగు చేసేవాళ్లు) ఎవరికి వాళ్లు, తమ సర్వే నంబరు, తమకు జరిగే నష్టం రాసి, విడివిడిగా అభ్యంతరాలు ఇచ్చారు. తర్వాత చూస్తే ఇదే మంచిదైంది. వందల సంతకాల పిటిషన్‌ను పక్కన పెట్టేయడం సులువు, "నా రెండెకరాల ముప్పై గుంటలకు ఈ తూము నుంచి నీళ్లు వస్తాయి" అని రాసిన రైతు కాయితానికి జవాబు రాయాల్సిందే.

చెరువు ఎంత పెద్దది?

కేసు మొత్తం ఈ ప్రశ్న మీదే తిరిగింది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

2012 బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168, చెరువు పక్కన ఎంత వదలాలో చెబుతుంది. చెరువు 10 హెక్టార్లు లేదా అంతకు మించి ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు. 10 హెక్టార్లకు తక్కువైతే 9 మీటర్లు. మధ్యలో ఇంకేమీ లేదు. 10 హెక్టార్లంటే మన లెక్కలో 24 ఎకరాల 28 గుంటలు. కంపెనీ కన్సల్టెంట్ ఇచ్చిన మ్యాపులో చెరువు విస్తీర్ణం 23 ఎకరాల చిల్లర. కాబట్టి 9 మీటర్లు వదిలారు. మ్యాపు చూస్తే అంతా రూలు ప్రకారమే.

ఊరివాళ్లేమో అది 27 ఎకరాల చెరువు అంటారు. పహాణీలో (రెవెన్యూ రికార్డులో) శిఖం, అంటే చెరువు కింద రాసిన భూమి, 21 ఎకరాలే. ఇక్కడే చాలామంది తికమక పడతారు. శిఖం వేరు, ఎఫ్‌టీఎల్ వేరు. చెరువు నిండినప్పుడు నీళ్లు పక్క పట్టా భూముల్లోకి కూడా వస్తాయి, ఆ నీటి అంచే ఎఫ్‌టీఎల్. నీళ్లు తగ్గాక పట్టాదారు అందులో పంట వేసుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు. పహాణీ పట్టుకుని "శిఖంలో మేం అడుగు పెట్టలేదు" అని కంపెనీ అంటే అది నిజమే, కానీ దానికీ ఈ గొడవకూ సంబంధం లేదు.

ఎఫ్‌టీఎల్‌ను నిర్ణయించేది మత్తడి. (ఆంధ్రలో అలుగు అంటారు.) మత్తడి అంచు ఏ మట్టంలో ఉందో ఆ మట్టానికి నీళ్లు నిలుస్తాయి, మించితే దుంకుతాయి. పోయి చూస్తే మత్తడి మధ్యలో మూడు గజాల మేర రాళ్లు లేవు, అడుగున్నర లోతు గండి. నీళ్లు అక్కడికి రాగానే పోతున్నాయి. చదునైన పడమటి గట్టున అడుగున్నర మట్టం తగ్గితే నీటి అంచు పదుల గజాలు వెనక్కి పోతుంది. కన్సల్టెంట్ ఆ గండి మట్టాన్నే పట్టుకుని ఎఫ్‌టీఎల్ గీశాడు. ఆయన అబద్ధం గీయలేదు, పగిలిన మత్తడిని కొలిచాడు.

ఎవరు పగలగొట్టారు అంటే ఊళ్లో నలుగురు నాలుగు పేర్లు చెప్పారు. పిటిషన్‌లో ఆ జోలికే పోలేదు. రుజువు చేయలేని ఆరోపణ ఒక్కటి పెడితే, రుజువున్న మిగతావన్నీ దానితోపాటే కొట్టుకుపోతాయి. మాకు కావలసింది దొంగ కాదు, పాత మట్టం.

అది ప్రభుత్వం దగ్గరే ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఈ చెరువుకు పూడిక తీశారు, కట్ట బాగు చేశారు. అంటే ఎస్టిమేట్ ఉంటుంది. ఎస్టిమేట్‌లో మత్తడి పొడవు, అంచు మట్టం, తూము గడప మట్టం, ఆయకట్టు, అన్నీ రాస్తారు. ఆర్టీఐ వేశాం. ఫీజు పది రూపాయలు (మండల స్థాయి ఆఫీసుకైతే ఐదు, గ్రామ పంచాయతీకి అసలు ఫీజే లేదు). కాపీలు ఇవ్వమని మాత్రమే కాదు, రికార్డు చూసే అవకాశం కూడా అడగండి. ఏ కాయితం పేరేమిటో మనకు తెలియనప్పుడు ఫైలు తిరగేసి చూడటమే దారి.

మత్తడి పగిలింది కానీ తూము చెక్కు చెదరలేదు. కాబట్టి ఎస్టిమేట్‌లో తూము గడపకూ మత్తడి అంచుకూ ఉన్న ఎత్తు తేడా తీసుకుని, లైసెన్స్ ఉన్న సర్వేయర్ లెవల్ మిషన్‌తో తూము దగ్గర నుంచి కొలుచుకుంటూ వచ్చాడు. మత్తడి రెండు కొసల్లో మిగిలిన పాత రాతి అంచుకు సరిగ్గా కలిసింది. ఆ మట్టంలో కాంటూర్ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) తిప్పితే 26 ఎకరాలు దాటింది. ఊరివాళ్ల 27 కాదు, కన్సల్టెంట్ 23 కాదు.

ఒకప్పుడు ఊరికి నీరటిగా (చెరువు నీళ్లు వదిలే మనిషిగా) చేసిన పెద్దాయన ఉన్నాడు. "మత్తడి దుంకినప్పుడు నీళ్లు గా మోదుగుచెట్టు మొదట్లకు వస్తుండె బిడ్డా" అని చెయ్యి చూపించాడు. నోటి మాటను ఆఫీసర్లు రికార్డు ముందు నిలబెట్టరు, అది నాకూ తెలుసు. కానీ కర్ర ఎక్కడ పాతి చూడాలో సర్వేయర్‌కు చెప్పింది ఆ మాటే. కాంటూర్ ఆ చెట్టుకు నాలుగడుగుల దూరంలోంచి పోయింది. 2020 అక్టోబర్ భారీ వానల తర్వాతి ఉపగ్రహ చిత్రం కూడా జత చేశాం. ఇస్రో వాళ్ల మ్యాపుల సైటు భువన్‌లో దొరికితే అదే పెట్టండి, ప్రభుత్వ సంస్థ చిత్రం కాబట్టి ఎదురు ప్రశ్న తక్కువ.

ఆ వానల గురించి ఒక పేరా అభ్యంతరంలోనే రాశాం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి కింది కాలనీలు మునిగాయి. ఇది రైతుల బాధ మాత్రమే కాదు, చెరువు వైపు చివరి వరుసలో ప్లాటు కొనేవాడి బాధ కూడా అని చెప్పడానికి. ఆ ప్లాటు కొనేది పెద్ద షావుకారేం కాదు, బ్యాంకు లోను పెట్టిన టీచరో ఐటీ కుర్రాడో.

కట్టుకాలువ, బాట

కట్టుకాలువ విషయంలో మా పని కంపెనీవాళ్లే సగం చేసి పెట్టారు. ఇరిగేషన్ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వచ్చేసింది అని వాళ్లు చెప్పగానే ఊరివాళ్లు నీరుగారిపోయారు. ఎన్‌వోసీ అన్న మాట వినగానే చాలామంది చేతులెత్తేస్తారు. దాన్ని మొత్తం చదవండి. అందులో షరతులుంటాయి, చాలాసార్లు అసలు సరుకంతా ఆ షరతుల్లోనే ఉంటుంది. ఈ ఎన్‌వోసీలో సహజ ప్రవాహ మార్గాన్ని మార్చకూడదు, మూయకూడదు అని స్పష్టంగా ఉంది. లేఅవుట్ డ్రాయింగ్‌లో మాత్రం కాలువను పక్కకు తిప్పి రోడ్డు కింద పైపులో పెట్టారు. పది మీటర్ల లోపు వెడల్పున్న కాలువకు అటూ ఇటూ రెండు మీటర్లు వదలాలన్న రూలు కూడా గాలికి పోయింది.

ఒకే ఫైలులో రెండు కాయితాలు. ఒకటి మార్చొద్దంటుంది, ఇంకొకటి మార్చి చూపిస్తుంది. ఇలాంటిది దొరికిందంటే మీరు కొత్తగా వాదించాల్సింది ఏమీ లేదు, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది ఒప్పో చెప్పమని అడగడమే. ఊరివాళ్ల అభిప్రాయానికి ఆఫీసరు జవాబు ఇవ్వకపోవచ్చు, తన ఫైలులోని వైరుధ్యానికి ఇవ్వక తప్పదు. రేపు ఆడిట్‌లోనో కోర్టులోనో ఇరుక్కునేది ఆయనే కదా. నా వరకు మంచి అభ్యంతరం అంటే ఇదే. మా ఊరికి ఇళ్లు వద్దు అని కాదు, ఈ డ్రాయింగ్ మీ కాయితంతోనే పొసగదు అని.

బాట సంగతి త్వరగా తేలింది. గ్రామ నక్షా, ఆ సర్వే నంబర్ల టిప్పన్ (కొలతల పటం) కాపీలు తీసి ఇచ్చాం, మండల సర్వేయర్ వచ్చి కొలిచాడు, పంచనామా జరిగింది, గోడ తీశారు. బొందలగడ్డ దారి అయ్యేసరికి ఎవరూ అడ్డు మాట్లాడలేదు. ఆంధ్ర పాఠకులకు: మీ దగ్గర టిప్పన్ బదులు ఎఫ్‌ఎంబీ, పహాణీ బదులు అడంగల్, బండ్ల బాట బదులు డొంక అడగండి. పని అదే.

అమ్ముకున్నవాళ్లు

ఈ కేసులో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది కంపెనీ కాదు. పోచమ్మ గుడి దగ్గర కూర్చున్నప్పుడు, భూమి అమ్మిన ఒకాయన లేచి నిలబడ్డాడు. "బిడ్డ పెండ్లికి అమ్ముకున్న. అడ్వాన్స్ తప్ప ఇంకేం రాలె. మీరు ఆపితే మిగతా పైసలు మీరిస్తరా?" ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పటికే పొలం గట్ల దగ్గర మాటలు బందయ్యాయి, అన్నదమ్ముల పిల్లలే చెరో పక్క.

అందుకని అభ్యంతరం మొదటి పేరాలోనే రాశాం: పట్టాదారుల హక్కు మీద గానీ అమ్మకం మీద గానీ మాకు ఏ అభ్యంతరమూ లేదు, చెరువు హద్దు, కాలువ, బాట విషయంలో మాత్రమే. ఇది మర్యాద కోసం రాసింది కాదు. అలా రాశాక అమ్మినవాళ్లలో కొందరు బాట కాయితం మీద తామే సంతకం పెట్టారు, వాళ్ల తాతలూ ఆ బొందలగడ్డలోనే ఉన్నారు మరి. ఆ సంతకాలు చూశాక, ఇది పాత కక్షలతో చేస్తున్న గొడవ అనే కంపెనీ మాట చెల్లలేదు.

కంపెనీ గుడికి స్లాబ్ వేయిస్తామంది, బోరు వేయిస్తామంది. తీసుకోవాలా వద్దా అన్నది ఊరి ఇష్టం, నేను అందులో తల దూర్చలేదు. ఏం ఇస్తామన్నా లేఅవుట్ షరతుల్లో రాయించండి అని మాత్రం చెప్పాను. ఆ తర్వాత స్లాబ్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రెరా, కోర్టు

లేఅవుట్‌కు అనుమతి రాకముందే బ్రోచర్లు వచ్చాయి, "లేక్ ఫేసింగ్" అని. (ఏ లేకును పూడ్చి మరీ ఫేస్ చేస్తారో.) 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది యూనిట్లు గానీ దాటితే రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు, ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా ఉంటుంది. బ్రోచర్, సైట్ దగ్గర ఫ్లెక్సీ ఫోటో, వాట్సాప్‌లో తిరిగిన రేట్ల పట్టిక జత చేసి ఫిర్యాదు పంపాం. ఫ్లెక్సీలు తొందరగానే మాయమయ్యాయి. దీనివల్ల వెంచర్ ఆగదు కానీ, అడ్వాన్సులతో డబ్బు తిరగడం ఆగితే కంపెనీకి కూర్చుని మాట్లాడే తీరిక దొరుకుతుంది.

ఆఫీసుల నుంచి చాలాకాలం పలుకు లేదు. హైకోర్టులో రిట్ వేశాం. అక్కడ మొదట అడిగేది, సంబంధిత అధికారికి మీరు అభ్యంతరం ఇచ్చారా, ఎప్పుడిచ్చారు అని. అందుకే ప్రతి కాయితానికీ ముద్ర, తేదీ ఉన్న అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో పంపండి. తీర్పులు రెండే పెట్టాను: చెరువులు, కుంటలు ఊరి ఉమ్మడి ఆస్తి అని చెప్పిన 2001 నాటి హించ్‌లాల్ తివారీ, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలపై 2011 నాటి జగ్‌పాల్ సింగ్. రెండూ సుప్రీంకోర్టువే, పది అతికించినా వీటికి మించి చెప్పేది లేదు. జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసి, అభ్యంతరాలు విని, ఆ తర్వాతే లేఅవుట్ మీద నిర్ణయం తీసుకోండి అని ఆదేశం వచ్చింది. ఇంతకన్నా పెద్ద ఆదేశం రాదనే అనుకున్నాం, ఇది చాలు కూడా. చెన్నైలోని గ్రీన్ ట్రైబ్యునల్‌కు పోవడానికి కాయితాలు సిద్ధంగా పెట్టుకున్నాం గానీ అవసరం పడలేదు. అక్కడికి పోవాలనుకుంటే కారణం తలెత్తిన ఆరు నెలల్లోపు పోవాలి, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, ఆ తర్వాత తలుపు మూసినట్టే.

ఇన్‌స్పెక్షన్‌లో ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు తూము నుంచే మళ్లీ కొలిచారు. 26 ఎకరాల పైనే వచ్చింది, 10 హెక్టార్లు దాటింది, కాబట్టి 30 మీటర్లు. కొత్త హద్దురాళ్లు పాతారు. సవరించిన డ్రాయింగ్‌లో కాలువ పాత దారిలోకి వచ్చింది.

నిలబడనివి కూడా చెప్పాలి. ట్రాఫిక్, భూగర్భ జలాలు, స్కూలు సరిపోదు అన్నవాటికి "పరిశీలిస్తాం" తప్ప జవాబు రాలేదు. అంకెలు లేకుండా రాస్తే అంతే. పార్కు స్థలాన్ని చెరువు బఫర్‌లో (హద్దు నుంచి వదలాల్సిన పట్టీలో) చూపించారని ఊరివాళ్లకు చాలా కోపం వచ్చింది, నాకూ నచ్చలేదు. కానీ బఫర్‌లో వదిలిన జాగాను ఖాళీ స్థలం లెక్కలో చూపించుకోవడానికి రూల్సే వీలిస్తాయి. దాని మీద పేజీలు ఖర్చు పెట్టొద్దన్నాను. పెట్టారు, పోయింది.

ఇప్పుడు పరిస్థితి ఇది. డ్రాఫ్ట్ లేఅవుట్ వచ్చింది, ఫైనల్ రాలేదు. ఫైనల్ వచ్చేదాకా 15 శాతం ప్లాట్లు అథారిటీ దగ్గర తనఖాలో ఉంటాయి, రోడ్లూ డ్రైన్లూ షరతుల ప్రకారం పూర్తి చేస్తేనే విడుదల చేస్తారు. కాబట్టి మురుగునీరు ఎక్కడ కలుస్తుంది అన్న ప్రశ్న మీద ఇప్పుడే పట్టుబడుతున్నాం, డ్రాయింగ్‌లో డ్రైన్ గీత వెంచర్ హద్దు దగ్గరికి వచ్చి ఆగిపోయింది, ఆ తర్వాత వాలు చెరువు వైపే. తొమ్మిది ఎకరాల జోన్ మార్పు ఫైలు పెండింగ్. మత్తడి మరమ్మతుకు ఇరిగేషన్ వాళ్లు ఎస్టిమేట్ వేసి పైకి పంపారు, డబ్బు మంజూరు కాలేదు, గండి అలాగే ఉంది. ఈ వానాకాలంలోపు కనీసం ఇసుక బస్తాలైనా వేయించమని ఆయకట్టు రైతులు మళ్లీ కాయితం ఇచ్చారు, ఈసారి అక్నాలెడ్జ్‌మెంట్‌తో.